ముసలాయన ఇంటికి ఎందుకు వెళ్లడు?

"ఆయనకేంటండీ, మారాజు! పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు, డబ్బుకి లోటా?" గోదావరి డెల్టాలో ఏ ఊళ్లోనైనా ఒంటరిగా ఉంటున్న పెద్దాయన ప్రస్తావన తెస్తే వచ్చే మొదటి మాట ఇంచుమించు ఇదే. అందులో కాస్త గౌరవం ఉంటుంది, కాస్త కుళ్లు ఉంటుంది. అంతకంటే ఎక్కువగా, సంభాషణను అక్కడితో ముగించే వీలు ఉంటుంది. డబ్బుందని తేలిపోయాక ఇక అడగడానికి ఏం మిగిలింది?

అమెరికన్ రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే కథ "ఎ క్లీన్, వెల్-లైటెడ్ ప్లేస్" (శుభ్రంగా, మంచి వెలుతురుతో ఉన్న చోటు) ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. 1933 మార్చిలో స్క్రిబ్‌నర్స్ మ్యాగజైన్‌లో అచ్చయిన ఈ కథ నిడివి కొద్ది పేజీలే. స్పెయిన్‌లో ఏదో ఊరు, ఒక కెఫే, బాగా పొద్దుపోయిన రాత్రి. అందరూ వెళ్లిపోయారు. కరెంటు దీపం వెలుగులో, చెట్టు ఆకుల నీడ పడేచోట ఒక ముసలాయన మాత్రం బ్రాందీ తాగుతూ కూర్చున్నాడు. లోపలి నుంచి ఇద్దరు సర్వర్లు, ఒకడు కుర్రాడు, ఒకడు వయసులో పెద్దవాడు, ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నారు, మోతాదు మించితే డబ్బివ్వకుండా లేచిపోతాడని. పోయిన వారం ఆయన చచ్చిపోబోయాడని ఒకడు చెబుతాడు. ఎందుకట? నిరాశతో. దేని గురించి? ఏమీ లేదు. ఏమీ లేదని నీకెలా తెలుసు? "ఆయన దగ్గర బోలెడు డబ్బుంది."

కథ మొత్తంలో ఇంతకంటే పదునైన వాక్యం లేదు. అన్నవాడు కసితో అనలేదు. లెక్క చూసుకుని అన్నాడు. మనిషి దుఃఖానికి కారణాల పట్టిక ఒకటి ఉంటుందనీ, అందులో మొదటి గడి డబ్బేననీ, ఆ గడి నిండితే మిగతావి చూడనక్కర్లేదనీ లోకం నమ్మకం. ఆ నమ్మకాన్ని హెమింగ్వే ఖండించడు. దాన్ని చెప్పనిచ్చి ఊరుకుంటాడు. ఆ తర్వాత జరిగేదీ పెద్దగా లేదు. చిన్న సర్వరు విసుక్కుని ముసలాయన్ని పంపించేస్తాడు. పెద్ద సర్వరుకి అది నచ్చదు. కొట్టు కట్టేశాక అతను ఒక బారు దగ్గర కాసేపు నిలబడి ఇంటికి పోతాడు, తెల్లారేదాకా నిద్రపట్టదని తెలిసే పోతాడు. కథ అయిపోయింది.

ఆధునికతావాద కథల్లో ఇలాంటి పొదుపు మామూలే. సంఘటన తగ్గుతుంది, వివరణ తగ్గుతుంది, చెప్పకుండా వదిలేసినదాని బరువు పెరుగుతుంది. మంచుకొండ నీళ్లమీద ఎనిమిదో వంతే కనిపిస్తుందన్న పోలికను హెమింగ్వే ఈ కథకు ముందు ఏడాదే, 1932లో, తన పుస్తకంలో వాడాడు. ముసలాయనకు పేరు లేదు. ఏం ఉద్యోగం చేశాడో, భార్య ఎప్పుడు పోయిందో, పిల్లలున్నారో లేదో తెలియదు. ఎనభై ఏళ్లుంటాయని, చెవిటివాడని, మేనకోడలు చూసుకుంటోందని మాత్రం తెలుస్తుంది. మిగతాదంతా చదివేవాడు తన ఊళ్లోంచి తెచ్చి నింపుకోవాలి.

డెల్టా పాఠకుడికి ఆ సరుకు కరువేమీ కాదు.

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ నేల స్థితి మారిపోయింది. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండాయి, చేతిలో రొక్కం ఆడింది, ఆ రొక్కంతో చదువులొచ్చాయి, ఆ చదువులతో పిల్లలు ఊరు దాటారు. మొదట రాజమండ్రి, కాకినాడ. తర్వాత మద్రాసు, హైదరాబాదు. ఆ తర్వాత డల్లాస్, న్యూజెర్సీ. ఊరు బాగుపడటమే ఊరు ఖాళీ కావడానికి దారి తీసింది. దీన్ని ఎవరి తప్పుగానూ రాయలేం. భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఈమధ్య కట్టిన పెద్ద పెద్ద మేడలు చూస్తే పైఅంతస్తు కిటికీలు సంక్రాంతికి తప్ప తెరుచుకోవు. కింద ఒక గదిలో దీపం, ఒక మంచం, మందుల డబ్బా. కుటుంబాలు కూడా చిన్నవైపోయాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7. ఒకడు వెళ్లినా ఇంకొకడు ఉంటాడనుకునే రోజులు కావివి.

దీనికి తోడు పొలం. పిల్లలు దూరమైనా రైతుకు పొద్దున్నే గట్టు మీదికి వెళ్లే పని ఉండేది. నీళ్లు వదిలారా, కాలవ నీళ్లు చూసే లష్కరు వచ్చాడా, ఊడ్పులు ఎప్పుడు అని మాట్లాడుకోవడానికి పదిమంది కలిసేవాళ్లు. ఇప్పుడు చాలామంది పెద్దల భూమి కౌలుకి పోయింది, లేదా రొయ్యల చెరువు లీజుకి పోయింది. డబ్బు బ్యాంకులో పడుతుంది. కాలు బయటపెట్టాల్సిన కారణం మాత్రం పోయింది. హెమింగ్వే కథలో పెద్ద సర్వరు ఒక మాట అంటాడు. చిన్నవాడికి యవ్వనం, ధైర్యం, ఉద్యోగం అన్నీ ఉన్నాయట. మరి నీకేం లేదు అని అడిగితే, పని తప్ప ఏమీ లేదంటాడు. పనొక్కటే మిగిలిన మనిషికీ, ఆ పని కూడా కౌలుకిచ్చేసిన మనిషికీ మధ్య దూరం ఎంతో డెల్టాలో కొలుచుకోవచ్చు.

కథలో గడియారం పాత్ర చాలా ఉంది. మూడింటిలోపు ఎప్పుడూ పడుకోలేకపోతున్నానని చిన్న సర్వరుకి విసుగు, ఇంటి దగ్గర భార్య ఎదురుచూస్తూ ఉంటుంది. పెద్దవాడు అంటాడు, ఇంకా రెండున్నర కూడా కాలేదు కదా, ఒక్క గంటదేముంది? ఆ గంట ఆయన కంటే తనకే ఎక్కువ అంటాడు చిన్నవాడు. గంట ఎవరికైనా గంటే అంటాడు పెద్దవాడు. ఇద్దరి మాటా సగమే నిజం. ఎనభై ఏళ్లవాడికి గంట విలువ ఎంత అన్నదానికి రెండు జవాబులూ సరిపోవు. మిగిలిన గంటలు తక్కువ కాబట్టి ప్రతి గంటా విలువైనదే. గడపాల్సిన గంటలు మాత్రం ఎక్కువ, రాత్రి మరీ ఎక్కువ. వృద్ధాప్యపు ఈ రెండు వైపులా ఒకేసారి తెలిసినవాడు ముసలాయన ఒక్కడే. ఆయన్ని ఎవరూ అడగరు. అడిగినా వినపడదు.

డెల్టాలో ఈ గడియారానికి ఇంకో ముల్లు ఉంది. ఇక్కడ రాత్రి రెండున్నరయితే న్యూయార్క్‌లో ఎండాకాలం సాయంత్రం ఐదు. కొడుకు ఆఫీసులోంచి బయటపడుతుంటాడు. కువైట్‌లో అర్ధరాత్రి, అక్కడ ఇంటిపని చేసే కూతురు అప్పుడే నడుం వాలుస్తుంది. ఇక్కడ నిద్రపట్టని వేళ అక్కడ ఫోనెత్తే వేళ అవుతుందేమోనని ఆశ పుడుతుంది, "పాపం పనిలో ఉంటాడు" అని ఆ ఆశ అక్కడే ఆగుతుంది. వీడియో కాల్ వచ్చినప్పుడు కూడా, చెవులు మందగించిన తాతకి మనవడి ఇంగ్లీషు యాసలో సగం అర్థం కాదు. "ఆఁ ఆఁ, అలాగేరా నాన్నా" అని ఫోను భార్య చేతికిస్తాడు. భార్య లేకపోతే టేబులు మీద పెడతాడు.

గల్ఫు ఊసెత్తినప్పుడు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. కోనసీమ, నరసాపురం వైపు నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు తమ పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో వదిలి వెళ్తారు. ఆ ముసలమ్మకి ఖాళీ ఇల్లు ఉండదు, బడికి పంపాల్సిన ఇద్దరు పిల్లలుంటారు. ఆవిడ ఒంటరితనం మేడలో ఒంటరితనం లాంటిది కాదు. అలసట కింద కప్పబడిపోయింది, అంతే. "మారాజు" అన్న మాట ఆవిడకెలాగూ ఎవరూ వాడరు.

మళ్లీ కెఫేకి వద్దాం. ముసలాయన అక్కడ ఎవరితోనూ మాట్లాడడు. స్నేహితుడెవరైనా వస్తాడని చూడడు. ఆయనకి కావాల్సింది కబుర్లే అయితే పగలు వచ్చేవాడు. చెవిటివాడు కాబట్టి రాత్రి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ తేడా ఆయనకి తెలుస్తుందని కథకుడు మొదట్లోనే చెబుతాడు. ఒంటరితనం అనగానే పలకరించేవాళ్లు లేకపోవడం అని అనుకుంటాం, అందుకే మన పరిష్కారాలన్నీ పలకరింపు చుట్టూ తిరుగుతాయి. ఈ కథ చెప్పేది వేరు. నలుగురు వచ్చిపోయే చోట, వెలుతురున్న చోట, ఎందుకొచ్చావని అడగని చోట కూర్చునే హక్కు కావాలంటున్నాడాయన. అందులోనూ దీపం కిందే కాకుండా కొంచెం ఆకునీడలో. వెలుగు దగ్గర్లో ఉండాలి, తన ముఖం మీద పడనక్కర్లేదు.

సీసా కొనుక్కుని ఇంట్లోనే తాగొచ్చుగా అని చిన్న సర్వరు అంటాడు. అది వేరు, ఇది వేరు అంటాడు పెద్దవాడు. తెల్లవార్లూ తెరిచి ఉండే సారా కొట్లు ఉన్నాయిగా అన్నా ఒప్పుకోడు. శుభ్రంగా, ఆహ్లాదంగా, మంచి వెలుతురుతో ఉన్న చోటు అది అంటాడు, పైగా ఆకుల నీడలు కూడా ఉన్నాయి. ఆకుల నీడను సౌకర్యాల జాబితాలో చేర్చిన సర్వరు ప్రపంచ సాహిత్యంలో ఇతనొక్కడే అయుంటాడు.

గోదావరి ఊళ్లలో ఆ పనికి వీధి అరుగు ఉండేది. మండువా ఇంటికి గుమ్మానికి అటూ ఇటూ రెండు అరుగులు, ఇంటి భాగమే కానీ వీధికి చెందినవి. ముసలాయన పడక్కుర్చీ అక్కడే. పొద్దున పాలవాడి నుంచి రాత్రి ఆఖరి బస్సు దిగి వచ్చేవాడి దాకా అందరూ ఆ అరుగు ముందునుంచే పోవాలి. ఆయన ఎవర్నీ పిలవనక్కర్లేదు. "ఎవర్రా అది?" అంటే చాలు, అవతలివాడు తన పేరూ తండ్రి పేరూ చెప్పి పోయేవాడు. చూపు తగ్గినా, మాట తగ్గినా ఆ స్థానం తగ్గేది కాదు. ఆ అరుగు ఎవరికి దక్కిందన్న ప్రశ్నా ఉంది. మాలపల్లెలో, చాకలిపేటలో పూరిపాకకి అరుగు ఎక్కడిది? పెద్దరైతు అరుగు ముందు నుంచి చెప్పులతో నడవనివ్వని రోజులూ ఉన్నాయి. అరుగును తలుచుకుని మరీ కరిగిపోతే ఆ సంగతి మరిచిపోతాం.

ఇప్పుడు అరుగులు పోయాయి. పెంకుటిళ్లు పడగొట్టి డాబాలు వేసినప్పుడు ప్రహరీ వచ్చింది, ఇనప గేటు వచ్చింది, మనిషి గేటు లోపలే మిగిలాడు. మిగిలిన పాత ఇళ్లలోనూ సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయేసరికి వీధి ఎత్తు పెరిగి అరుగు దాని కిందికి దిగింది. వరండాలో కూర్చున్నవాడికి గేటు చువ్వల మధ్య నుంచి మోటారు సైకిళ్లు వెళ్లడం కనిపిస్తుంది. వెళ్లేవాడికి ఆయన కనిపించడు. ఒంటరితనానికి మనసు కారణాలు వెతికేవాళ్లు ఒకసారి ఇంటి ప్లాను కూడా చూడాలి.

టీ కొట్టు, రావిచెట్టు చప్టా, కాలవ గట్టు, గ్రంథాలయంలో పేపరు బల్ల, రాజమండ్రిలో పుష్కరాల రేవు మెట్లు, ఇలా ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. వీటన్నిటికీ పొద్దు ఉంది. రాత్రి పదయ్యేసరికి ఊరు కట్టేస్తారు. డెల్టాలో అర్ధరాత్రి దాటాక వెలుతురుతో తెరిచి ఉండే చోట్లు రైల్వేస్టేషన్లు, ఆర్టీసీ కాంప్లెక్సులు, ఆసుపత్రులు. నిడదవోలు జంక్షన్లోనో సామర్లకోటలోనో తెల్లవారుజామున ప్లాట్‌ఫాం మీద కూర్చున్న పెద్దల్లో అందరూ రైలు కోసమే వచ్చారని చెప్పలేం.

ముసలాయన్ని గురించి చిన్న సర్వరు, ముసలివాడంటే అసహ్యంగా ఉంటుందంటాడు. పెద్దవాడు వెంటనే కాదంటాడు. ఈయన శుభ్రంగా ఉంటాడు, ఒలకబోయకుండా తాగుతాడు, మత్తులో కూడా. ఇది చదివి చాలామంది హుందాతనం గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ముందుకుపోతారు. కొంచెం ఆగితే ఆ మెచ్చుకోలులో ఉన్న కర్కశత్వం కూడా తెలుస్తుంది. ముసలివాడికి చోటు దొరకాలంటే ఒలకబోయకూడదు. చెయ్యి వణికితే? పంచె మీద చారు పడితే? ఇంటికొచ్చిన చుట్టాల ముందు తాతని లోపలి గదిలోనే ఉంచే ఇళ్లు ఎందుకలా చేస్తాయంటే, ఈ షరతు వల్లే. పెద్ద సర్వరు ఉదారుడే, అయినా అతని ఉదారతకూ హద్దుంది. కథకుడికి ఈ సంగతి తెలుసా అంటే తెలిసినట్టే ఉంది. ఎందుకంటే ఒలకబోసేది ముసలాయన కాదు, చిన్న సర్వరు. గ్లాసు నింపడంలో విసురుగా పోసి, బ్రాందీ సాసరులోకి కారేలా చేసింది వాడే.

ఆ సాసర్లే చివర్లో మళ్లీ వస్తాయి. ముసలాయన, తాగిన గ్లాసుల లెక్కకి గుర్తుగా పేర్చిన సాసర్లు నెమ్మదిగా లెక్కపెడతాడు, తోలు సంచీ తీసి డబ్బిస్తాడు, అర పెసెటా టిప్పు వదులుతాడు, తూలుతూనే హుందాగా నడిచిపోతాడు. అక్కడ ఆయన ఎవరి దయ మీదా కూర్చోలేదు. ఖాతాదారుగా కూర్చున్నాడు. ఇది చిన్న విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధుల పింఛను నెలకి 4,000 రూపాయలు. ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది గడప దగ్గరకే తెచ్చి ఇస్తున్నారు. దానిలో బియ్యం, మందుల లెక్క అందరూ వేస్తారు. టీ కొట్టు బల్ల మీద గంటసేపు కూర్చునే లెక్క ఎవరూ వెయ్యరు. కోడలి దగ్గర చెయ్యి చాపకుండా తన జేబులోంచి పది రూపాయలు తీసి టీ చెప్పిన ముసలాయనకు ఆ బల్ల మీద దక్కే చోటు వేరు.

చట్టం కూడా ఎక్కువగా ఈ డబ్బు భాషే మాట్లాడుతుంది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. తిండి, బట్ట, ఇల్లు, వైద్యం కోసం పిల్లల నుంచి నెలనెలా భత్యం ఇప్పించమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. అది అవసరమైన చట్టం, దాని వల్ల అన్నం దక్కినవాళ్లున్నారు. ఎవరి ఆసరాతో బతుకుతున్నారన్న ప్రశ్నకు అది జవాబు చెబుతుంది. రాత్రి రెండున్నరకి ఎక్కడ కూర్చుంటారన్న ప్రశ్న దాని పరిధిలోది కాదు.

కథ చివర్లో వచ్చే ప్రార్థన గురించి పండితులు చాలా రాశారు. కెఫే కట్టేశాక పెద్ద సర్వరు క్రైస్తవుల పరలోక ప్రార్థనను మనసులో చదువుతాడు, ముఖ్యమైన మాట వచ్చిన ప్రతిచోటా "నాదా" పెట్టి. శూన్యం అని దానర్థం. తండ్రీ లేడు, రాజ్యమూ లేదు, రోజూ ఇచ్చే రొట్టే లేదు, అన్నీ శూన్యమే. దీన్ని నాస్తికత్వ ప్రకటనగా చదవడం సులువు. ఆ తర్వాత యుద్ధానంతర తరం నిరాశ అని ఒక పేరా రాయడం ఇంకా సులువు. డెల్టాలో నిద్రపట్టని ముసలమ్మలు ఏం చేస్తారో చూస్తే ఇంకో దారి దొరుకుతుంది. చతురస్రాల గళ్ల పుస్తకంలో "శ్రీరామ" "శ్రీరామ" అని రాసుకుంటూ పోతారు. కోటి పూర్తయితే భద్రాచలం పంపిస్తారు. ఆ ఒక్క మాట తప్ప ఆ పుస్తకంలో ఏమీ ఉండదు. సర్వరు పలికే మాటకీ ఈ మాటకీ అర్థంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. చేసే పని మాత్రం ఒకటే. ఒక్క మాటని పట్టుకుని, దాన్నే మళ్లీ మళ్లీ అంటూ, తెల్లారేదాకా రాత్రిని దాటడం. నమ్మకం ఉన్నవాడికీ లేనివాడికీ రాత్రి పొడుగు ఒకటే కాబట్టి, దాటే పద్ధతీ ఒకటే అయింది. పెద్ద సర్వరు దీనికి చివర్లో నిద్రలేమి అని పేరు పెట్టి, ఇది చాలామందికి ఉంటుందిలే అని సర్దుకుంటాడు. బీపీ మాత్రతో పాటు నిద్రమాత్ర కూడా రాయమని డాక్టరుని అడిగే పెద్దల నోట కూడా ఇదే మాట.

ఈ కథకు ఒక పెద్ద లోటుంది. అది మగాళ్ల కథ. వీధిలో సైనికుడితో కలిసి ఒక అమ్మాయి వెళ్తుంది, ఇంట్లో భార్య ఎదురుచూస్తుంది, మేనకోడలు చూసుకుంటుంది, కెఫేలో కూర్చునే హక్కు మాత్రం ఏ ఆడమనిషికీ లేదు. డెల్టాలోనూ అరుగు, టీ కొట్టు, గట్టు మగవాళ్లవే. ముసలమ్మ ఎక్కడ కూర్చుంటుంది? ఆ ప్రశ్నకు పదమూడేళ్ల ముందే న్యూజిలాండ్‌లో పుట్టిన రచయిత్రి క్యాథరిన్ మాన్స్‌ఫీల్డ్ జవాబు రాసింది. ఆవిడ "మిస్ బ్రిల్" కథ 1920 నవంబరులో లండన్ పత్రిక ఎథీనియంలో వచ్చింది.

మిస్ బ్రిల్ ఫ్రాన్సులో ఒక ఊళ్లో ఇంగ్లీషు పాఠాలు చెబుతుంది, వారానికి నాలుగు మధ్యాహ్నాలు ఒక జబ్బుమనిషికి పేపరు చదివి వినిపిస్తుంది. ఆదివారం పార్కులో బ్యాండు వాయిస్తుంటే వెళ్లి బెంచీ మీద కూర్చుంటుంది, మెడకి పాత బొచ్చు స్కార్ఫు చుట్టుకుని. ఆవిడ ఆనందమంతా పక్కవాళ్ల మాటలు వినడంలో. వింటున్నట్టు తెలియనివ్వకుండా వినడంలో తనకి మంచి నేర్పు వచ్చిందనుకుంటుంది. పార్కంతా ఒక నాటకం, అందులో తనకీ ఒక పాత్ర ఉంది, తను రాకపోతే ఎవరో ఒకరు గమనిస్తారు అని ఆ ఆదివారం ఆవిడకి తోస్తుంది. సరిగ్గా అప్పుడే పక్కన కూర్చున్న కుర్రజంట మాట వినపడుతుంది. ఈ ముసల్ది ఇక్కడికి ఎందుకొస్తుంది, ఎవరికి కావాలి, ఆ మొహం ఇంట్లోనే పెట్టుకోవచ్చుగా అని.

రెండు కథలనీ పక్కపక్కన పెడితే ఒక విచిత్రం బయటపడుతుంది. హెమింగ్వే ముసలాయన ముఖం మీదే చిన్న సర్వరు, పోయిన వారమే చచ్చిపోవాల్సింది అంటాడు. ఆయనకి వినపడదు. ఇంకొంచెం పొయ్యమని వేలితో చూపిస్తాడు. మిస్ బ్రిల్‌కి చెవులే దిక్కు, ఆ చెవులతోనే తన గురించి వింటుంది. వయసు తీసుకుపోయిన ఇంద్రియం ఒకరిని కాపాడింది, వయసు మిగిల్చిన ఇంద్రియం ఇంకొకరిని దెబ్బతీసింది.

ఇద్దరినీ తిట్టినవాళ్లు చెప్పింది ఒకటే, ఇంటికి పో అని. తెలుగులో ఈ మాటకి తిట్టు రూపం తక్కువ, హితవు రూపం ఎక్కువ. "ఈ వయసులో ఎందుకండీ ఎండలో తిరుగుతారు, కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక." చెప్పేది కొడుకు కావచ్చు, కండక్టరు కావచ్చు, బ్యాంకు గుమస్తా కావచ్చు. ప్రేమతోనే చెప్పొచ్చు. ఆ మూల ఎలా ఉంటుందో మాన్స్‌ఫీల్డ్ చూపించింది. పార్కులో తోటి ముసలివాళ్లని చూసి, వీళ్లు చీకటి గదుల్లోంచి, బీరువాల్లోంచి లేచొచ్చినట్టున్నారే అనుకున్న మిస్ బ్రిల్, ప్రతి ఆదివారం కొనుక్కునే తేనె కేకు ముక్క కూడా కొనుక్కోకుండా తన చీకటి గదికి, తన బీరువాకి తిరిగొస్తుంది. అప్పటిదాకా ఆ గది అలాంటిదని ఆవిడకి తెలియదు.

డెల్టాలో ముసలమ్మలకి పార్కు బెంచీ అంత ప్రశ్నలేని చోటు గుడి. సాయంత్రం హారతి వేళ మండపం స్తంభానికి ఆనుకుని కూర్చున్నవాళ్లని ఎందుకొచ్చావని ఎవరూ అడగరు, కార్తీకంలో అయితే అసలు అడగరు. క్షీరారామం, ద్రాక్షారామం లాంటి పెద్ద గుళ్ల సంగతి సరే, ఊరి రామాలయం చప్టా కూడా ఆ పని చేస్తుంది. క్రైస్తవ పేటల్లో ప్రార్థన కూటం చేస్తుంది. భక్తి లేదని చెప్పడం కాదిది. భక్తితో పాటు అక్కడ వెలుతురు ఉంది, శుభ్రమైన నేల ఉంది, నలుగురున్నారు. పెద్ద సర్వరు అడిగినవి ఇవే.

ఇంకో సంగతి. ఈ కథలు రాసేనాటికి మాన్స్‌ఫీల్డ్‌కి 32 ఏళ్లు, హెమింగ్వేకి 33. మాన్స్‌ఫీల్డ్ క్షయతో ఉంది, 1923 జనవరిలో 34 ఏళ్లకే పోయింది. వృద్ధాప్యం ఆవిడ చేరుకోని దేశం. హెమింగ్వే 1961లో తన చేతులతోనే వెళ్లిపోయాడు, అరవై రెండు నిండకుండానే. కాబట్టి ఇవి వృద్ధుల ఆత్మకథలు కావు, మధ్యలో నిలబడి చూసినవాళ్ల కథలు. అందుకే హెమింగ్వే కథకు కేంద్రం ముసలాయన కాదనిపిస్తుంది. ఆయన కథ సగంలోనే వెళ్లిపోతాడు. మిగిలేది పెద్ద సర్వరు. ఆ కుర్చీలో రేపు కూర్చోబోయేవాడు తనేనని అతనికి తెలుసు. పేర్లు లేకపోవడంతో ఇద్దరు సర్వర్లలో ఏ మాట ఎవరన్నదో కొన్నిచోట్ల తేలదు. దాని మీద విమర్శకులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 1965లో ప్రచురణకర్తలు ఒక చిన్న వాక్యాన్ని ఒకడి నోట్లోంచి తీసి ఇంకొకడి నోట్లో పెట్టి కథను సరిచేశారు. సరిచేయడం అవసరమా అన్నది ఇంకా తెగలేదు. ఆ మాటలు కలిసిపోవడం పొరపాటైనా సరే, కథకు మేలే చేసింది. పాతికేళ్లవాడి విసుగూ యాభైఏళ్లవాడి దిగులూ ఒకే గొంతులోంచి వస్తున్నట్టు వినపడతాయి.

చిన్న సర్వరుని విలన్ని చెయ్యడం మాత్రం అన్యాయం. రాత్రి మూడు దాకా నిలబడి పనిచేసే మనిషి నిద్ర గురించి అడగడం తప్పు కాదు. ముసలాయన చోటుకి అయ్యే ఖర్చు ఒకరి నిద్ర. డెల్టా ఇళ్లలో ఆ ఖర్చు చాలావరకూ ఆడవాళ్ల పద్దులో పడుతుంది. కోడలో, ఊళ్లోనే ఉన్న కూతురో, నెల జీతానికి పెట్టుకున్న పనమ్మాయో. కథలో ఆ మేనకోడలికి దక్కింది రెండు మూడు వాక్యాలు. ఉరితాడు కోసింది ఆవిడే. ఎందుకు కోశారంటే, ఆయన ఆత్మ ఏమైపోతుందోనన్న భయంతో అంటాడు సర్వరు, ఆవిడని అడగకుండానే. ముసలాయన కెఫేలో ఉన్నంతసేపూ ఆవిడ ఏం చేస్తోందో, పడుకుందో తలుపు గడియ తీసి కూర్చుందో ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.